మంచు మీద బండి తోలితే నేనూ ఆ జీపువాళ్ళలాంటిదాన్నేనా?

ప్రశ్న: నాకు 16 ఏళ్ళు నిండాయి, ఇంటర్ మొదటి సంవత్సరం. మాది విశాఖలో సాగర్‌నగర్. డిసెంబరు చివర్లో అమ్మా, నేనూ, పదేళ్ళ తమ్ముడూ మూడు వారాలకి అమెరికాలో మిన్నెసోటాలో ఉన్న పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్తున్నాం. అక్కడ అన్నయ్యకి స్నోమొబైల్, అంటే మంచు మీద తోలే పెట్రోలు బండి, ఉంది, నాకు నేర్పిస్తానన్నాడు. నాకు చాలా ఇష్టంగా ఉంది. కానీ పోయిన ఏడాది మా బీచ్‌లో తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట ఇసుకలోకి జీపు దింపినవాళ్ళతో నేనే గొడవపడ్డాను. ఇప్పుడు ఫ్రెండ్స్ "నువ్వు మంచు మీద పెట్రోలు బండి తోలొచ్చు గానీ వాళ్ళు ఇసుకలో తోలకూడదా" అని ఏడిపిస్తున్నారు. నిజంగా అది అంత చెడ్డపనా? నడిపితే ఎలా నడపాలి? అమ్మకి మాత్రం ప్రమాదం గురించే టెన్షన్.

జవాబు: నడుపు తల్లీ. అయితే నీ ఫ్రెండ్స్ అడిగింది చెత్త ప్రశ్నేమీ కాదు, నవ్వి వదిలేయకు. ఉద్యోగం కోసం అదే రాష్ట్రంలో ఆరు చలికాలాలు గడిపి మళ్ళీ మన విశాఖకే, ఎంవీపీ కాలనీకి వచ్చి పడినవాణ్ణి నేను. ఆ బండి నడిపాను, దాంతో వెధవ పనులూ చేశాను, అందుకని కొంచెం ఎక్కువే మాట్లాడతాను. (ఇంటర్ పిల్లకి మూడు వారాలు సెలవిచ్చిన కాలేజీ ఏదో గానీ, అది మాత్రం నాకింకా మింగుడు పడటం లేదు.)

ఆ రోజు జీపువాళ్ళతో ఎందుకు గొడవపడ్డావో గుర్తు తెచ్చుకో. వాళ్ళు పెట్రోలు తగలేస్తున్నారని అయ్యుండదు, ఇసుక కింద గుడ్లు ఉంటాయని. ఆలివ్ రిడ్లీ తాబేలు అడుగున్నర లోతు గొయ్యి తవ్వి, వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి, పైన తన ఒంటితో తట్టి చదును చేసి వెళ్ళిపోతుంది. పొద్దున్నే చూస్తే అక్కడ ఏదో ఉందని తెలియనివాడికి అసలు తెలియదు. దాని మీద చక్రాలు పోతే గుడ్లు పగలకపోయినా ఇసుక గట్టిపడుతుంది, 45–60 రోజులకి పొదిగిన పిల్లలు పైకి తవ్వుకుని రాలేవు. మంచు కూడా అచ్చం అంతే. తెల్లగా, ఖాళీగా, ఎవడబ్బ సొమ్మూ కానట్టు కనిపిస్తుంది. కింద కాపురాలుంటాయి.

బయట మైనస్ 25 ఉన్నా, అడుగు లోతు మెత్తటి మంచు కింద నేల దగ్గర మాత్రం సున్నాకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మంచు రేకుల మధ్య చిక్కుకున్న గాలే అక్కడ రగ్గు. నేలలోంచి వచ్చే వెచ్చదనానికి అడుగు పొర ఆవిరై, నేలకీ మంచుకీ మధ్య సన్నటి ఖాళీ ఏర్పడుతుంది. చుంచెలుకలూ, పొట్టితోక ఎలుకలూ చలికాలమంతా ఆ సందులోనే దారులు చేసుకుని, గింజలో వేర్లో పురుగులో దొరికింది తింటూ బతికేస్తాయి. నక్క చెవులు రిక్కించి విని, గాల్లోకి ఎగిరి మూతి ముందుపెట్టి మంచులోకి దూకడం వీడియోల్లో చూసే ఉంటావు, అది దూకేది వాటికోసమే. రెండు మూడు వందల కిలోల బండి ఒక్కసారి పైనుంచి పోయిందంటే ఆ గాలి పోయి మంచు అణిగిపోతుంది. అణిగిన మంచు చలిని ఆపలేదు. చలి నేలలోకి ఇంకా లోతుకి దిగుతుంది, ఎలుకల దారులు మూసుకుపోతాయి, ఎండలు వచ్చాక కూడా ఆ జాడ వెంబడి మంచు ఆలస్యంగా కరుగుతుంది.

అందుకే అక్కడివాళ్ళు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేది ఒకటే, ఈ బండ్ల కోసం వేసిన దారి, అంటే ట్రయిల్, దాటొద్దని. అక్కడ నేల అణగాల్సినంత ఎప్పుడో అణిగిపోయింది, నువ్వు పోయినా కొత్తగా పాడయ్యేది తక్కువ. మిన్నెసోటాలో అలాంటి ట్రయిళ్ళు దాదాపు 22,000 మైళ్ళు, అంటే 35,000 కిలోమీటర్లు. మన ఊరి మీదుగా పోయే చెన్నై–కోల్‌కతా హైవేని ఇరవైసార్లు పరిచినంత. మూడు వారాలకి నీకది చాలదా?

ఇంకో సంగతి, ఇది అక్కడి పిల్లలకే సరిగ్గా తెలియదు. ఆ ట్రయిళ్ళలో చాలా భాగం రైతుల సొంత పొలాల మీదుగా, సొంత అడవుల మీదుగా పోతుంది. ఊళ్ళో క్లబ్బువాళ్ళు వెళ్ళి బతిమాలి అనుమతి తెచ్చుకుంటారు, జీతం లేకుండా బోర్డులు పాతుతారు, రాత్రిళ్ళు ట్రాక్టర్‌లాంటి యంత్రంతో దారి చదును చేస్తారు. మన దగ్గర పక్కవాడి పొలం గట్టు మీద నడవనిస్తే నడుస్తాం చూడు, అలాంటిది. ఒకడు సరదాకి బోర్డు దాటి పొలంలో రెండు చుట్లు కొడితే, రైతు మరుసటి ఏడాది దారే మూసేస్తాడు, అందరికీ పోతుంది.

ఆ "ఒకడు" నేనే. నా మూడో చలికాలం, మార్చి నెల, మంచు పల్చబడిపోయింది. ముందు పోతున్న స్నేహితుడి బండి జాడ చూసుకుంటూ ట్రయిల్ పక్కన విశాలంగా కనిపించిన మైదానంలోకి నేనూ తిప్పాను. ఇంజను మోతలో కూడా కింద ఏదో "పటక్, పటక్" అని విరుగుతున్నట్టు వినిపించింది. పాత మొక్కజొన్న మొదళ్ళేమో అనుకుని ఇంకో రెండు చుట్లు కొట్టాను. ఆపి దిగి చూస్తే నా జాడ పొడుగునా పచ్చటి కొనలు పడున్నాయి, గుప్పున పైన్ జిగురు వాసన. అది మైదానం కాదు, ఒకాయన నాటుకున్న పైన్ మొక్కల తోట, మంచు పైకి జానెడు కొనలే తేలి ఉన్నాయి. ఇంటి ముందునుంచి ఆ పెద్దాయన నడుచుకుంటూ వచ్చాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. విరిగిన మొక్క ఒకటి ఎత్తి, కాండం చుట్టూ గుత్తిగా ఉన్న కొమ్మల్ని కిందినుంచి ఒక్కో గుత్తీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. ఆ జాతి మొక్కకి ఏడాదికి ఒక్క గుత్తే వస్తుందట. ఆరు దాకా లెక్కపెట్టి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. మొక్కలకి డబ్బులిస్తానన్నా తీసుకోలేదు. ఆ ఎండిన కొమ్మ చాలాకాలం నా కారులోనే ఉండిపోయింది, పారేయబుద్ధి కాలేదు.

కాబట్టి నీ లెక్క ఇలా పెట్టుకో. గడ్డి దుబ్బులో మొక్కల కొనలో మంచు పైకి కనిపిస్తున్నాయంటే అక్కడికి పోకు, మంచు చాలదని అర్థం. దారి పక్కన పొడి మంచు మెత్తగా నోరూరిస్తుంది, అయినా పోకు. అన్నయ్య "ఏం కాదురా, రా" అన్నా సరే. అన్నయ్యలు అలాగే అంటారు.

ఇక ఇంజను సంగతి. మీ నాన్నగారినో తాతగారినో అడుగు, పాత రోజుల్లో స్కూటర్‌కి బంకులో పెట్రోలుతో పాటు ఆయిల్ కలిపి పోయించుకునేవాళ్ళు, ఆటో ముందు పోతుంటే వెనక నీలం పొగ. అవి రెండు స్ట్రోకుల ఇంజన్లు. స్నోమొబైళ్ళు చాలాకాలం అవే, ఇప్పటికీ చాలా వాటిలో అవే. కార్బురేటర్ ఉన్న పాత రకంలో పోసిన పెట్రోలులో నాలుగో వంతు, ఒక్కోసారి మూడో వంతు దాకా మండకుండానే సైలెన్సర్‌లోంచి బయటికి పోతుంది. పోయి ఎక్కడ పడుతుంది? మంచు మీద. చలికాలమంతా అక్కడే నిలవుండి, మంచు కరిగేటప్పుడు ఆ నీళ్ళతోనే వాగుల్లోకీ చెరువుల్లోకీ దిగుతుంది. నేను ఒకసారి సగం రోజు అలాంటి పాత బండి వెనక తిరిగి ఇంటికొస్తే, జాకెట్ విప్పగానే ఒకప్పటి జగదాంబ జంక్షన్ వాసన కొట్టింది, ఊరు గుర్తొచ్చి కాసేపు బాగానే అనిపించింది గానీ మా ఆవిడ దాన్ని గ్యారేజీలో పడేసింది.

ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో అయితే 2000 దశకం మొదట్లో గేటు దగ్గర టికెట్లు చూసే రేంజర్లు పొగ తట్టుకోలేక మూతికి మాస్కులు కట్టుకుని డ్యూటీ చేశారు. ఏళ్ళ తరబడి కోర్టు గొడవలు జరిగి, చివరికి ఇప్పుడు అక్కడ పొగలోనూ చప్పుడులోనూ పరీక్ష నెగ్గిన మోడళ్ళనే రానిస్తున్నారు, రోజుకి ఇన్ని గుంపులే అని లెక్క పెట్టారు, ఎక్కువమంది గైడుతోనే వెళ్ళాలి. కాబట్టి అన్నయ్యని అడగాల్సిన మొదటి మాట, ఆ బండి ఇప్పటి మన స్కూటర్లలా నాలుగు స్ట్రోకులదా, పాతవాటిలా రెండు స్ట్రోకులదా అని. రెండు స్ట్రోకులదే అయినా పెట్రోలుని కొలిచి చిమ్మే కొత్త తరహా ఇంజెక్షన్ ఉన్నదైతే పాతదానికంటే చాలా నయం. పాతదైతే మొహమాటపడకుండా, ఒక రోజుకి నాలుగు స్ట్రోకుల బండి అద్దెకి తీసుకుందామను. సైలెన్సర్ మార్చిందేమో కూడా చూడు. మన బీచ్ రోడ్డులో రాత్రి పదకొండింటికి డబడబలాడించే బుల్లెట్ బాబులకి అక్కడా అన్నదమ్ములున్నారు, నిశ్శబ్దంగా ఉన్న అడవిలో ఆ మోత మైళ్ళ దూరం పోతుంది. పెట్రోలు అంచుదాకా పోయకండి, ఒలికితే మంచు తాగేస్తుంది, తుడవడానికి ఏమీ మిగలదు. ఊరికే నిలబెట్టి ఇంజను రన్నింగులో ఉంచి సెల్ఫీలు దిగకండి.

నువ్వు ఎంపీసీ అయితే ఇంకోటి చెప్తాను. తక్కువ పొగా తక్కువ చప్పుడూ ఉండే స్నోమొబైల్ ఎవరు చేస్తారని ఇంజనీరింగ్ విద్యార్థులకి 2000 నుంచి ఒక పోటీ పెట్టారు, దాని పేరు క్లీన్ స్నోమొబైల్ ఛాలెంజ్. 2003 నుంచి మిషిగన్ టెక్ యూనివర్సిటీ దగ్గర జరిపారు. కంపెనీ బండి తీసుకుని దాని పొగ తగ్గించడం, మోత తగ్గించడం, అయినా పరిగెత్తేలా చూడటం వాళ్ళ పని. నీ ఫ్రెండ్స్ ఏడిపిస్తే ఇది చెప్పు, వాళ్ళలో సగంమంది ఎలాగూ మెకానికల్ వద్దు సీఎస్ఈ కావాలంటారు.

జంతువుల దగ్గర నువ్వు బీచ్‌లో నేర్చుకున్నదే పనికొస్తుంది. అక్కడ తెల్లతోక జింకలు చలికాలంలో దట్టమైన చెట్ల కింద గుంపుగా చేరతాయి. తినడానికి పెద్దగా ఏమీ ఉండదు, శరదృతువులో ఒంట్లో చేర్చుకున్న కొవ్వే ఏప్రిల్ దాకా వాటి బ్యాంకు బ్యాలెన్స్. నువ్వు వెంటపడి, అవి బెదిరి లోతు మంచులో నాలుగు వందల గజాలు పరిగెత్తాయనుకో, ఆ బ్యాలెన్స్ నువ్వు ఖర్చు చేయించినట్టే, పైగా అవి పడిపోయేది నువ్వు ఇండియా వచ్చేశాక మార్చిలో, నీకు తెలియను కూడా తెలియదు. ట్రయిల్ మీద కనిపిస్తే దూరంగా ఆగు, దానంతట అది తప్పుకునేదాకా కూర్చో. ఫోన్ తీసి దిగి దగ్గరికి నడవకు, బండి మీదున్న మనిషికంటే నడిచొచ్చే మనిషిని చూస్తేనే వాటికి ఎక్కువ భయం.

రఫ్డ్ గ్రౌస్ అని ఒక పక్షి కూడా ఉంటుంది, మన కోడిపెట్టకంటే చిన్నది. సాయంత్రం చలి ముదిరితే కొమ్మ మీదనుంచి నేరుగా మెత్తటి మంచులోకి తలకిందులుగా దూకి, లోపల గది చేసుకుని పడుకుంటుంది. పైకి చిన్న బొక్క తప్ప ఏమీ కనిపించదు. తెల్లవారుతూనే నీ కాళ్ళ దగ్గరనుంచి మంచు పేలినట్టు పైకి లేస్తుంది, గుండె ఆగినంత పనవుతుంది. ట్రయిల్ పక్క మెత్తటి మంచులోకి ఎందుకు పోవద్దన్నానో ఇప్పుడు నీకు ఇంకో కారణం దొరికింది.

ఇప్పుడు అమ్మ టెన్షన్. అమ్మ భయం అనవసరం కాదు, ఈ భాగం ఆవిడకి చదివి వినిపించు. అమెరికాలో పిల్లల డాక్టర్ల అకాడమీ 16 ఏళ్ళలోపు పిల్లలు స్నోమొబైల్ నడపకూడదనీ, ఆరేళ్ళలోపు వాళ్ళని వెనక కూడా ఎక్కించకూడదనీ చెప్పింది. చట్టం దానికంటే చిన్నవాళ్ళని కూడా నడపనిస్తుంది, నేనైతే డాక్టర్ల మాటే వింటాను. నువ్వు ఆ గీత ఇప్పుడే దాటావు. తమ్ముడు దాటలేదు. వాడు పెద్దవాళ్ళ వెనక, వాడి తలకి సరిపోయే హెల్మెట్‌తో, మెల్లగా ఒక చిన్న చుట్టు వేస్తే చాలు. పిల్లల కోసం 120 సీసీ బుల్లి బండ్లు ఉంటాయి, వాడు చూశాడంటే పట్టు పడతాడు, ముందే చెప్పి ఉంచండి. నీకు వెనక కూర్చోబెట్టుకునే అధికారం ఈ ట్రిప్పులో లేదు, ఒక్కదానివే నడుపు.

మిన్నెసోటా చట్టంలో 1976 డిసెంబరు 31 తర్వాత పుట్టినవాళ్ళకి స్నోమొబైల్ సేఫ్టీ సర్టిఫికెట్ అడుగుతారు, 18 లోపు వాళ్ళకి హెల్మెట్ తప్పనిసరి, వేగం గంటకి 50 మైళ్ళు, అంటే 80 కిలోమీటర్లు దాటకూడదు. సర్టిఫికెట్ కోర్సు అక్కడి సహజ వనరుల శాఖవాళ్ళది. వెళ్ళాక చూద్దాంలే అనకుండా నీలాంటి విజిటర్ ఏం చేయాలో అన్నయ్య చేత ఇప్పుడే కనుక్కో, పాఠాలు ఇక్కడే చదివేసుకోవచ్చు. నీకు 80 కూడా అక్కర్లేదు. యాక్టివా మీద అలవాటైన చేతికి ఇది వేరే జంతువు, కుడి బొటనవేలితో నొక్కితే చాలు ఎగురుతుంది. మొదటి రోజు పెద్దమ్మ ఇంటి దగ్గర ఖాళీ స్థలంలో ఆపడం నేర్చుకో, తోలడం తర్వాత. ఇంజను ఆపే తాడు ఒకటి ఉంటుంది, అది నీ జాకెట్‌కి తగిలించుకో, పడిపోతే బండి దానంతట అది ఆగుతుంది.

గడ్డకట్టిన చెరువు మీద మాత్రం అన్నయ్య బతిమాలినా ఒప్పుకోకు, కొలిచి చూపిస్తే తప్ప. స్నోమొబైల్‌కి కొత్తగా కట్టిన, తేటగా ఉన్న ఐసు కనీసం 5 నుంచి 7 అంగుళాలు ఉండాలంటారు, తెల్లగా పాలలా ఉన్న ఐసయితే దానికి రెట్టింపు. బండి మునిగితే ప్రాణం సంగతి అటుంచి, ట్యాంకు పెట్రోలూ ఆయిలూ ఆ చెరువులోనే. ఇంకోటి, దీన్ని అందరూ నాన్చుతారు, నేను నాన్చను. అక్కడ ట్రయిల్ మధ్యలో బార్లు ఉంటాయి, స్నోమొబైల్ చావుల్లో మందు పాత్ర చాలా పెద్దది. ఒక్క బీరు తాగిన మనిషి వెనక అయినా నువ్వూ తమ్ముడూ ఎక్కొద్దు, అది పెదనాన్నే అయినా. చీకటి పడ్డాక కూడా వద్దు.

అసలు మంచే లేకపోతే? నవ్వులాట కాదు, 2023–24 చలికాలం మిన్నెసోటాలో రికార్డుల్లోకెల్లా వెచ్చటిది, చాలా ట్రయిళ్ళు తెరవనేలేదు. ట్రయిళ్ళ సీజన్ డిసెంబరు 1న మొదలవుతుందని కాగితం మీద ఉన్నా, నేల గడ్డకట్టి సరిపడా మంచు పడితేనే దారి చదును చేస్తారు. మీరు వెళ్ళిన మూడు వారాలూ మంచు చాలకపోతే ఏడవకు, బురదలో ఈడ్చుకుంటూ తోలకు. స్కీయింగ్‌కి వెళ్ళు, లేదా పెద్దమ్మ చేత గుత్తివంకాయ కూర చేయించుకుని తిను.

ఫ్రెండ్స్‌కి నిజాయితీగా జవాబు చెప్పాలంటే ఒకటి ఒప్పుకోవాలి. ఈ బండి లీటరుకి ఐదారు కిలోమీటర్లు ఇస్తుంది, నువ్వు మూడు నాలుగు రోజులు తిరిగినా కాలేది పదుల లీటర్లే. నువ్వు విశాఖనుంచి అక్కడికి వెళ్ళి రావడానికి విమానంలో నీ వాటాకి వచ్చే పొగ టన్నుల్లో ఉంటుంది. పొగ గురించే వాళ్ళ బాధయితే విమానం గురించి అడగాలి, ఆ ప్రశ్నకి నా దగ్గరా గొప్ప జవాబు లేదు, నేనూ ఎక్కినవాణ్ణే. బండి గురించి అయితే చెప్పు, దీన్ని కనిపెట్టినాయన సరదాకి కనిపెట్టలేదని. కెనడాలో క్యూబెక్‌లో బొంబార్డియే అనే మెకానిక్, 1934లో దారులన్నీ మంచుతో మూసుకుపోయి రెండేళ్ళ కొడుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళలేక పోగొట్టుకున్నాడు. 1937 నుంచి ఆయన చేసిన మంచు బస్సులు డాక్టర్లనీ, ఉత్తరాలనీ, బడి పిల్లల్నీ మోశాయి. మనం ఇప్పుడు నడిపే చిన్న బండి, స్కీ-డూ, 1959లో వచ్చింది. ఉత్తరాన ఊళ్ళలో ఇప్పటికీ అది వాళ్ళ స్కూటరే. మన తీరంలో జీపు కూడా జాలర్ల వలలు మోస్తే ఎవరూ గొడవపడరు కదా. ఎక్కడ, ఎప్పుడు, దేని మీదుగా తోలావన్నదే గొడవ.

బట్టల గురించి నువ్వు అడగలేదు గానీ చెప్తాను. ఇక్కడ షాపుల్లో స్వెట్టర్లు కొని డబ్బు తగలేయకండి, అవి అరకు చలికి చాలు, అక్కడ బండి మీద గాలికి ఆగవు. పెద్దమ్మ వాళ్ళింట్లో పాత స్నో ప్యాంట్లు, బూట్లు ఉండే ఉంటాయి, అవే వేసుకో. కాటన్ సాక్సులు మాత్రం అస్సలు వద్దు, చెమటకి తడిసి కాలి వేళ్ళు కొయ్యబారిపోతాయి, ఊలువి రెండు జతలు చాలు. కళ్ళజోడు పెట్టుకుంటావా? అయితే హెల్మెట్ లోపల ఆవిరి పట్టి ఏమీ కనిపించదు, ఆ సంగతి అన్నయ్యకి ముందే చెప్పు.